రెండు పాదాల విద్య

మైదానంలో ఒక ఆటగాడు దూరం నుండి వచ్చిన బంతిని పాదంతో మెత్తగా అందుకొని, ప్రత్యర్థి చేరుకొనేలోగా సహచరునికి అందిస్తాడు. ఈ క్రియ అంతా రెండు మూడు క్షణాలలో ముగిసిపోతుంది. ప్రేక్షకులు దానిని చూచి పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని ప్రశంసిస్తారు. కాని ఆ రెండు మూడు క్షణాల వెనుక ఎన్నో సంవత్సరాల సాధన దాగి ఉంటుంది. ఆ సాధన ఎట్టిది, దానిని ఏ విధంగా రూపొందించాలి, అందుకు కావలసిన పరికరాలు ఎంతపాటివి అనే విషయాలను తెలుసుకోవడం క్రీడాకారులకే గాక, ఏ విద్యనైనా అభ్యసించే వారందరికీ ఉపయోగకరం.

ఫుట్‌బాల్ క్రీడకు ఒక ప్రత్యేకత ఉంది. మనిషి పసితనం నుండి చేతితోనే పనులు నేర్చుకొంటాడు. అన్నం కలుపుకోవడం, అక్షరం దిద్దడం, ముడి వేయడం, విప్పడం – ఇవన్నీ చేతికి అలవడిన విద్యలు. పాదానికి అలవడినది నడక, పరుగు మాత్రమే. అట్టి పాదంతో 68 నుండి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత, 410 నుండి 450 గ్రాముల బరువు గల బంతిని ఆపాలి, మళ్లించాలి, కోరిన చోటికి పంపాలి. అది కూడా పరుగెత్తుతూ, ప్రత్యర్థి మీదికి వస్తుండగా చేయాలి. కనుక పాదానికి చేతితో సమానమైన నేర్పును అలవరచడమే ఫుట్‌బాల్ శిక్షణలోని ప్రథమ లక్ష్యం.

భారతదేశంలో ఈ సత్యాన్ని అందరికంటె ముందుగా గుర్తించి ఆచరణలో పెట్టినవారిలో హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్ అగ్రగణ్యుడు. 1909లో జన్మించిన రహీమ్ వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, భారత జట్టుకు శిక్షకుడుగా వ్యవహరించాడు. ఆయన శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయాలు రోవర్స్ కప్‌ను గెలుచుకొన్నది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం సాధించింది.

అయితే ఆ మరుసటి సంవత్సరమే జట్టుకు గట్టి దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో భారత్ 10–1 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిదేశంలో బూట్లు లేకుండా ఆడారు. నాలుగు సంవత్సరాల అనంతరం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో అదే భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ స్థాయికి చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ భారత్‌దే. చివరకు 4–1 తేడాతో ఓటమి తప్పకపోయినా, నాలుగేళ్ల క్రితం జరిగిన పోటీతో పోల్చి చూస్తే జట్టు సాధించిన ప్రగతి స్పష్టమవుతుంది. ఆ పోటీలలో భారత్‌కు నాలుగవ స్థానం లభించింది.

రహీమ్ తన దృష్టిని జాతీయ జట్టుకే పరిమితం చేయలేదు. ఇరవై అయిదేళ్లు నిండిన ఆటగానికి బంతిని ఆపే నేర్పును కొత్తగా అలవరచడం కష్టమనీ, ఆ పని బాల్యంలోనే జరగాలనీ ఉపాధ్యాయుడైన ఆయనకు తెలుసు. అందువలన హైదరాబాదులో యువ ఆటగాళ్లకు విలక్షణమైన పోటీలు నిర్వహించాడు. ఒక పోటీలో ఆటగాడు తనకు అలవాటులేని పాదంతో మాత్రమే బంతిని తన్నాలి. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం గలవాడు కుడికాలితో ఆడాలన్నమాట. మరొక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. డ్రిబ్లింగ్ అనగా బంతిని పాదాలతో చిన్నచిన్నగా తడుతూ ప్రత్యర్థులను తప్పించుకొని ముందుకు సాగడం. అది చేయరాదన్నప్పుడు ఆటగాడు బంతిని వెంటనే సహచరునికి అందించక తప్పదు.

ఈ నియమాలు చూడడానికి వినోదంగా కనిపిస్తాయి. కాని వాటి వెనుక లోతైన విద్యాసూత్రం ఉంది. డ్రిబ్లింగ్‌కు వీలు లేనప్పుడు ఆటగాడు బంతి తన వద్దకు రాకముందే తల ఎత్తి చుట్టూ చూడాలి. ఎవరికి అందించాలో ముందే నిర్ణయించుకోవాలి. మిగిలిన ఆటగాళ్లు కూడా నిలబడిపోకుండా ఖాళీస్థలంలోకి కదలాలి. ఇవన్నీ చేయుమని శిక్షకుడు వందసార్లు కేకలు వేసినా ఫలితం ఉండకపోవచ్చు. ఒక్క సౌలభ్యాన్ని తొలగించగానే అవి వాటంతట అవే అలవడుతాయి. శిక్షకుడు చేయవలసిన బోధను నియమమే చేస్తుంది.

తెలుగువారికి ఈ సూత్రం కొత్తది కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం ఉంది. అవధాని పద్యం చెప్పబోతుండగా పృచ్ఛకుడు రాబోయే అక్షరాన్ని ఊహించి దానిని నిషేధిస్తాడు. సులభంగా దొరికే మాట మూతబడుతుంది. అవధాని మరొక మాటను, మరొక మార్గాన్ని వెదకుకోవాలి. ఆ నిర్బంధం వలననే అతని శబ్దసంపద, స్ఫురణశక్తి బయటపడుతాయి. మహాభారత కథలోని అర్జునుడు చీకటిలో భోజనం చేస్తూ చేయి తడుముకోకుండా నోటిని చేరడం గమనించి, రాత్రివేళ బాణప్రయోగం అభ్యసించాడు. చూపు అనే సౌలభ్యాన్ని వదలుకొని గురిని సాధించాడు. రెండు చేతులతోనూ వింటిని ప్రయోగించగలిగినందున సవ్యసాచి అనే పేరు పొందాడు. రహీమ్ నిర్వహించిన పోటీల ఆశయం కూడా ఇదే. ఎడమకాలిని ఉపయోగించలేని ఆటగానికి ప్రత్యర్థి కుడివైపు దారి మూసివేస్తే చాలు, అతని ఆట అక్కడితో ఆగిపోతుంది. రెండు పాదాలూ వశమైనవానిని అంత తేలికగా అడ్డుకోవడం సాధ్యం కాదు.

ఈ సూత్రాన్ని మనస్సులో ఉంచుకొని ఫుట్‌బాల్‌లోని ముఖ్యమైన మెళకువలను, వాటికి తగిన అభ్యాసాలను పరిశీలించవచ్చు.

మొదటిది బంతితో పరిచయం. ప్రతి బాలునికి, ప్రతి బాలికకు ఒక బంతి ఇచ్చి, నిలబడిన చోటనే అరికాలితో దానిని ముందుకు వెనుకకు దొర్లించడం, రెండు పాదాల లోపలి అంచుల మధ్య అటూ ఇటూ తట్టడం, కాలివేళ్లతో పైభాగాన్ని లయబద్ధంగా తాకడం నేర్పుతారు. 1974లో ఫెయనూర్డ్ జట్టుకు యూఈఎఫ్‌ఏ కప్ సాధించిపెట్టిన డచ్ శిక్షకుడు వీల్ కూవర్ ఈ అభ్యాసాలకు ఒక క్రమాన్ని ఏర్పరచాడు. గొప్ప ఆటగాళ్ల కదలికలను చలనచిత్రాలలో నిశితంగా పరిశీలించి, వాటిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి పిల్లలకు నేర్పవచ్చునని ఆయన నిరూపించాడు. ప్రతిభ కొందరి సొత్తు మాత్రమే కాదనీ, క్రమశిక్షణతో నేర్వదగిన విద్య అనీ ఆయన విశ్వాసం.

రెండవది తొలిస్పర్శ. వేగంగా వచ్చే బంతికి పాదాన్ని బిగించి అడ్డుపెడితే అది గోడకు తగిలినట్లు ఎగిరి దూరంగా పోతుంది. బంతి తాకే క్షణంలో పాదాన్ని కొద్దిగా వెనుకకు తీసుకొంటే దాని వేగం ఒక్కసారిగా గాక క్రమంగా తగ్గి, పాదం చెంతనే నిలుస్తుంది. పైనుండి విసరిన కోడిగ్రుడ్డును పట్టుకొనేటప్పుడు చేతిని కిందికి దించడంలో ఉన్న సూక్ష్మమే ఇందులోనూ ఉంది. దీని అభ్యాసానికి ఒక గోడ చాలు. గోడకు నాలుగైదు మీటర్ల దూరంలో నిలిచి బంతిని తన్నాలి. తిరిగి వచ్చిన బంతిని ఒక పాదంతో ఆపి రెండవ పాదంతో తన్నాలి. కొంతకాలం తరువాత ఆపడాన్ని నిషేధించి, ఒకే స్పర్శతో తిరిగి పంపుమనాలి. గోడ అలసిపోదు, విసుగుకోదు. బంతిని ఎంత సరిగా పంపితే అంత సరిగా తిరిగి పంపుతుంది. తప్పు జరిగితే ఆ తప్పును వెంటనే చూపుతుంది.

మూడవది పాస్ ఇవ్వడం, అనగా బంతిని సహచరునికి అందించడం. దగ్గరి దూరాలకు పాదం లోపలి అంచు శ్రేష్ఠమైనది; అది వెడల్పుగా ఉండడం వలన గురి తప్పే అవకాశం తక్కువ. నేలపై నిలిచిన పాదం బంతి పక్కనే ఉండి, దాని వేళ్లు బంతి పోవలసిన దిక్కును చూపాలి. తన్నే కాలి చీలమండ బిగువుగా ఉండాలి. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా పది మీటర్ల దూరంలో నిలిపి, వారి మధ్య ఒక మీటరు ఎడంతో రెండు రాళ్లు పెట్టి, వాటి నడుమ నుండి బంతిని పంపుమనాలి. గురి కుదిరిన కొలదీ రాళ్లను దగ్గరకు జరపాలి. రాళ్ల మధ్య ఎడం తగ్గడమే ఇక్కడ పరీక్ష.

నాలుగవది డ్రిబ్లింగ్. రెండేసి అడుగుల దూరంలో వరుసగా ఇటుకలో రాళ్లో పెట్టి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ బంతిని నడిపించడం ప్రసిద్ధమైన అభ్యాసం. అయితే ఇందులో ఒక లోపం ఉంది. రాయి కదలదు, ఎదురు రాదు. కనుక నేర్చేవారు బంతినే చూస్తూ తల వంచుకొని నడవడానికి అలవాటుపడుతారు. ఈ లోపాన్ని సరిచేయడానికి శిక్షకుడు వరుస చివర నిలిచి చేతివేళ్లను చూపుతూ ఉంటాడు. ఆటగాడు బంతిని నడుపుతూనే ఆ వేళ్ల సంఖ్యను బిగ్గరగా చెప్పాలి. చూపు బంతి నుండి విడివడి మైదానం మీదికి ప్రసరిస్తుంది. బంతి ఎక్కడున్నదో పాదమే తెలుసుకొంటుంది.

అభ్యాసం ఎంత మంచిదైనా దానిని నిర్వహించే తీరు సరిగా లేకపోతే కాలం వృథా అవుతుంది. ఇరవైమంది విద్యార్థులను ఒకే వరుసలో నిలిపి, ఒక్కొక్కరిచేత గోల్‌లోకి బంతిని తన్నించడం అనేక పాఠశాలల్లో కనిపించే దృశ్యం. ఒక్కొక్కరికి 15 సెకన్లు పడుతుందనుకొంటే, 20 నిమిషాలలో మొత్తం 80 తన్నులు. అనగా ఒక్కొక్కరికి నాలుగు మాత్రమే. మిగిలిన కాలమంతా నిరీక్షణమే. అదే ఇరవైమందిని పది జంటలుగా చేసి, పది బంతులిచ్చి, మూడు సెకన్లకొక పాస్ చొప్పున ఇమ్మంటే, అదే 20 నిమిషాలలో ఒక్కొక్కరు 200 పర్యాయాలు బంతిని అందిస్తారు, 200 పర్యాయాలు అందుకొంటారు. పది బంతులు లేనప్పుడు నలుగురికొక బంతి ఇచ్చినా లాభమే. శిక్షణ నాణ్యతను తెలుసుకోవడానికి ఒక సులభమైన ప్రశ్న ఉంది: గంటసేపట్లో ఒక విద్యార్థి పాదం ఎన్నిసార్లు బంతిని తాకింది?

ఇంతవరకు చెప్పిన అభ్యాసాలలో ప్రత్యర్థి లేడు. కాని ఆటలో ప్రత్యర్థి ఉంటాడు. కనుక నేర్చిన మెళకువను ఒత్తిడిలో ప్రయోగించడం కూడా అలవడాలి. ఇందుకు రొండో అనే స్పానిష్ అభ్యాసం ఎంతో ప్రయోజనకరం. ఎనిమిది లేదా పది మీటర్ల చతురస్రం చుట్టూ నలుగురు నిలుస్తారు. మధ్యలో ఒకరు ఉంటారు. చుట్టూ ఉన్నవారు బంతిని మధ్యవానికి చిక్కకుండా ఒకరికొకరు అందించుకోవాలి. పోగొట్టుకొన్నవారు మధ్యలోకి రావాలి. 1988 నుండి 1996 వరకు బార్సిలోనా జట్టుకు శిక్షకుడుగా ఉన్న యోహాన్ క్రైఫ్ దీనిని శిక్షణలో ప్రధానాంశం చేశాడు. పైకి పిల్లల ఆటవలె తోచినా, తొలిస్పర్శ, పాస్, చూపు, నిర్ణయం అన్నీ ఇందులో ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి. చతురస్రాన్ని చిన్నది చేసినా, ఒక్క స్పర్శకే అనుమతించినా, మధ్యలో ఇద్దరిని నిలిపినా దాని కాఠిన్యం పెరుగుతుంది. రహీమ్ పోటీలలోని నిషేధసూత్రమే ఇక్కడ మరొక రూపంలో దర్శనమిస్తుంది.

స్థలాన్ని తగ్గించడం వలన నైపుణ్యం పెరుగుతుందనడానికి ఫుట్సల్ క్రీడ మరొక నిదర్శనం. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియాని అనే ఉపాధ్యాయుడు, బాస్కెట్‌బాల్ మైదానమంత స్థలంలో జట్టుకు అయిదుగురు చొప్పున ఆడే ఈ క్రీడకు రూపకల్పన చేశాడు. ఇందులో వాడే బంతి చిన్నది, తక్కువగా ఎగురుతుంది. కనుక దానిని గాలిలోకి తన్ని పరుగెత్తడం కంటె, పాదంతో అదుపు చేయడమే శరణ్యం. బ్రెజిల్‌లో ప్రఖ్యాతి పొందిన ఆటగాళ్లలో అనేకులు బాల్యంలో ఈ ఆటతోనే పెరిగారు. పూర్తి మైదానంలో ఇరవైరెండుమందికి ఒకే బంతి. నలుగురు నలుగురుగా చిన్న మైదానంలో ఆడితే, ప్రతి ఒక్కరికి బంతి తరచుగా లభిస్తుంది. దాగడానికి ఎవరికీ చోటుండదు.

శిక్షణలో ఆరోగ్యరక్షణ కూడా విస్మరింపరానిది. బంతిని చేపట్టే ముందు శరీరాన్ని సిద్ధం చేయాలి. ఇందుకోసం ఫిఫా వైద్యనిపుణులు రూపొందించిన ఎలెవెన్ ప్లస్ అనే సన్నాహక వ్యాయామక్రమం సుమారు 20 నిమిషాలు పడుతుంది. నెమ్మదైన పరుగు, కండరాల బలాన్ని, సమతౌల్యాన్ని పెంచే వ్యాయామాలు, వేగమైన పరుగు ఇందులోని మూడు భాగాలు. దీనిని క్రమం తప్పక ఆచరించే జట్లలో గాయాలు తగ్గినట్లు పరిశోధనలు తెలిపాయి. చిన్నపిల్లలకు వారి వయస్సుకు తగిన చిన్న బంతినే ఇవ్వాలి. తలతో బంతిని కొట్టడం మెదడుకు హాని కలిగించవచ్చుననే ఆందోళనతో, 2020లో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘాలు ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లలకు శిక్షణలో ఆ అభ్యాసాన్ని చేయించరాదని సూచించాయి. పాదానికి నేర్పవలసినది ఎంతో ఉండగా ఆ వయస్సులో తలను శ్రమపెట్టవలసిన అవసరం లేదు.

ఇక శిక్షణకు కావలసిన వనరుల విషయం. పచ్చని గడ్డి మైదానం, ఖరీదైన పరికరాలు ఉంటే మేలే. కాని పైన వివరించిన అభ్యాసాలలో ఏ ఒక్కటీ వాటిపై ఆధారపడినది కాదు. హద్దులకు ముగ్గుపిండి లేక సున్నం, గుర్తులకు రాళ్లు లేక ఇటుకలు, గోల్‌కు రెండు కర్రలు, తోడుకు ఒక గోడ, గాలి నిండిన కొన్ని బంతులు చాలు. వీటన్నిటికంటె ముఖ్యమైన వనరు ఆలోచించే శిక్షకుడు. ఈనాటి అభ్యాసంలో ఏ మెళకువ అలవడాలి, అందుకు ఏ సౌలభ్యాన్ని తొలగించాలి అని ముందుగా యోచించే ఉపాధ్యాయుడు ఉంటే కళాశాల ఆవరణలోని ఖాళీస్థలమే శిక్షణాలయమవుతుంది. మైదానానికి రావడానికి బాలికలకు కూడా సమానమైన అవకాశం, సమానమైన సమయం కల్పించడం ఆ ఉపాధ్యాయుని బాధ్యత.

రహీమ్ జీవితంలోని చివరి ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్నాడు. ఫైనల్‌లో భారత జట్టు దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి స్వర్ణపతకం గెలుచుకొన్నది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్ చేశారు. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరాల ఆటగాళ్లు ఆ విజేతల జట్టులో ఉన్నారు. మరుసటి సంవత్సరం, 1963 జూన్‌లో రహీమ్ కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తరువాత మరొక స్వర్ణపతకాన్ని గెలువలేదు. 1970లో లభించిన కాంస్యమే చివరి పతకం. 2024లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం విడుదలైన తరువాతనే దేశంలో అనేకులకు ఆయన పేరు తెలిసింది.

ఇందుకు కారణాలు అనేకం ఉండవచ్చు. కాని ఒక విషయం మాత్రం విచారింపదగినది. మంచి శిక్షకుడు జట్టుకు విజయాన్ని ఇస్తాడు. మంచి శిక్షణావిధానం తరాలకు నైపుణ్యాన్ని ఇస్తుంది. విధానం వ్యక్తితోపాటే అంతరిస్తే తరువాతివారు మళ్లీ మొదటి నుండి ప్రారంభించవలసి వస్తుంది. అలవాటులేని కాలితో ఆడుమనే ఆ చిన్న నియమాన్ని ప్రతి పాఠశాల, ప్రతి కళాశాల తన మైదానంలో నిలుపుకోగలిగితే, అందుకు ఒక్క రూపాయి కూడా వ్యయం కాదు.

మొదటి రోజున ఎడమకాలితో తన్నిన బంతి పక్కకు పోతుంది, తోటివారు నవ్వుతారు. పదవ రోజున అది రాళ్ల మధ్య నుండి దూసుకుపోతుంది. తనకు చేతకాదనుకొన్న పని ఒకటి చేతనయిందని, ఆ విద్యార్థి స్వయంగా తెలుసుకొంటాడు. పతకాలు కొందరికే లభిస్తాయి. ఈ ఎరుక మాత్రం అభ్యసించిన ప్రతి ఒక్కరికీ లభిస్తుంది. క్రీడను విద్యలో భాగంగా పరిగణించడంలోని పరమార్థం ఇదే.